గొంతు ఎవరి వంతు

“లేచి ఒక్క మాట అంటే చాలు,” అన్నాడు వోరో. “‘గొంతు మా అన్నయ్యకి వదిలేస్తున్నాను, వాడి చోటు నేను తీసుకుంటాను.’ అంతే. నోరు నొప్పెడుతుందా?”

“నొప్పెడుతుంది,” అంది రెమేయి.

వంటింట్లో నలుగురున్నారు. మాట్లాడుతున్నది ఇద్దరే. తల్లి కొన్సోల్ తొట్టి దగ్గర వాళ్ళకి వీపు పెట్టి నిలబడి మలుగు చేపల తోలు ఒలుస్తోంది. వదిన ఎంపార్ గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, మొగుడి ప్రతి మాటకీ తలాడిస్తోంది.

“చూశావా అమ్మా? చూశావా దీని పొగరు?”

కొన్సోల్ వెనక్కి తిరగలేదు. చేప తల కింద కత్తితో గాటు పెట్టి, బూడిద అద్దుకున్న వేళ్ళతో తోలు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

“మధ్యలో అమ్మనెందుకు?” అంది రెమేయి. “ఆదివారం ఊరంతా చూస్తుండగా సంచిలో చెయ్యి పెట్టాను. గోళీ తీశాను. మర విప్పితే లోపల గొంతు అని ఉంది. నీకు రెల్లుదిబ్బ వచ్చింది. ఇన్నేళ్ళూ నీకు మంచి చోట్లు వచ్చినప్పుడు నేను అడిగానా, నాతో మార్చుకో అని?”

“అడగడానికి అప్పుడు నువ్వెవరివి?” అంది ఎంపార్.

ఆ మాట నిజమే. ఏటా సంచిలోంచి గోళీలు తీసి, ఆ ఏడు ఎవరు ఎక్కడ వల వెయ్యాలో తేల్చుకుంటారు. పోయినేటిదాకా ఈ సరస్సులో వల వేసే హక్కు తండ్రి నుంచి కొడుక్కే. కూతుళ్ళు వల అల్లొచ్చు, చేప అమ్మొచ్చు, పడవ కడగొచ్చు. సంచిలో చెయ్యి మాత్రం పెట్టకూడదు. వలెన్సియా కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగి తీర్పు తెచ్చుకున్న ఆడవాళ్ళు ఊళ్ళో తొమ్మిది మంది. వాళ్ళకి ముందు నడిచింది రెమేయి. వాళ్ళు తొలిసారి గోళీ తీసిన ఏడే, తొమ్మిది మందిలోనూ ఆమెకే పడింది గొంతు.

సరస్సు సముద్రం వైపు నోరు తెరిచే ఇరుకు కాలవ దగ్గరి చోటది. చలికాలం గాలివానల్లో మలుగు చేపలు సముద్రానికి పరుగెత్తాలంటే దారి అదొక్కటే. అది ఎవరికి పడితే వాళ్ళింట్లో ఆ ఏడంతా పండగ. బురదమూల పడినవాళ్ళు కూలి పని వెతుక్కుంటారు.

వోరో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. “నీకు బడి ఉందే. పంతులమ్మవి. ఎండలో మాడక్కర్లేదు, వానలో తడవక్కర్లేదు. నాకు నీళ్ళు తప్ప ఏమున్నాయి చెప్పు?”

“బడి కావాలని నేనడిగానా? ఈ ఇంట్లో నీకన్నా ముందు గెడ పట్టింది నేను. తొమ్మిదేళ్ళకే నాన్నని కూర్చోబెట్టి పడవ నడిపాను. ఆడపిల్లవి, నీళ్ళ మీద నీకేం పని అని సన్యాసినుల బడిలో పడేశారు. కిటికీలోంచి సరస్సు కనిపిస్తుందేమోనని మొదటి ఏడంతా చూశాను. ఎదురుగా గోడ.”

“మరి నన్నెవరడిగారు?” వోరో గొంతు మళ్ళీ లేచింది. “మోటార్ల పని నేర్చుకుంటానని ఏడ్చాను. ఆ మెకానిక్ నన్ను పెట్టుకుంటానన్నాడు కూడా. నాన్న ఏమన్నాడో గుర్తుందా? ‘గస్పార్ కొడుకు అదృష్టం నీళ్ళలో ఉంది, నూనెలో కాదు’ అన్నాడు. నువ్వు పోగొట్టుకున్నదేదో నాకు బలవంతంగా అంటగట్టారు. ఇరవై ఏళ్ళు మోశాను. ఇప్పుడొచ్చి అది కూడా లాక్కుంటావా?”

రెమేయికి అన్నయ్య ఏడ్చిన సంగతి తెలియదు. అప్పుడు తను ఆ గోడని చూస్తూ ఉంది.

“ఇంత జరుగుతుంటే నువ్వొక్క మాటైనా అనవేం అమ్మా?” అన్నాడు వోరో.

“చేపలు పాడైపోతాయి. ఎండ పెరగకముందే పులుసు పెట్టాలి,” అంది కొన్సోల్.

ఇంట్లో గొడవైతే ముందుగా గరిటె తీసి ఇద్దరినీ బెదిరించే మనిషి. ఆదివారం నుంచి గరిటె తీయలేదు, కూతురి కళ్ళలోకి చూడలేదు. రెమేయి దాన్ని కొడుకు మీది జాలి అనుకుంది. ఇప్పుడు ఆ వంగిన వీపుని చూస్తుంటే, జాలి ఇలా ఉంటుందా అనిపించింది.

వోరో లేచి వెళ్ళిపోయాడు. ఎంపార్ వెళ్తూ వెళ్తూ అంది, “రొట్టెల కొట్టుదాకా వెళ్ళి రా రెమేయీ. ఊరేమనుకుంటోందో చెవులారా విను.”

*

రొట్టెల కొట్టులో ఎవరూ మొహం తిప్పుకోలేదు. అదే వింతగా ఉంది.

కేసు వేసిన నాటి నుంచి ఆ కొట్టులో రెమేయికి మాడిన రొట్టె, లేకపోతే నిన్నటి రొట్టె. పలకరింపు ఉండేది కాదు. ఈ రోజు కొట్టావిడ పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెని కాగితంలో చుట్టి అందించింది.

“తీసుకో తల్లీ. నువ్వూ ఇప్పుడు మాలో మనిషివేగా.”

వెనక వరసలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకావిడ నవ్వింది. చేతిలో రొట్టె తాజాగా, వేడిగా ఉన్నా, రెమేయికి మాడిన రొట్టెలే నయమనిపించింది.

పడవల రేవులో అమాలియా మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వాళ్ళ నాన్న పాత పడవ అడుగు గీకుతోంది. తొమ్మిది మందిలో నోరున్నది, నవ్వించేది ఆమే. కోర్టు మెట్ల మీద అందరూ ఏడుస్తున్న రోజున కూడా లాయరు టోపీ పెట్టుకుని నడిచి చూపించింది.

“గొంతు గారు వేంచేశారు! నీళ్ళు పక్కకి జరగండి!” అంది.

“నువ్వు కూడానా?”

“నేను కాకపోతే ఎవరంటారు? మా ఇంటికి మళ్ళీ బురదమూలే వచ్చింది చూశావా? మా నాన్న పోయినా అది మాత్రం మమ్మల్ని వదల్లేదు. ఏదో చుట్టరికం ఉండుంటుంది.”

రెమేయి నవ్వబోయి ఆగింది. అమాలియా నవ్వడం లేదు. గీకుడు కత్తి పడవలో పెట్టి, చేతులు లంగాకి తుడుచుకుని గట్టెక్కింది.

“ఒకటి అడుగుతాను. కొడతావా?”

“అడుగు.”

“నిన్న మన వాళ్ళు ఏడుగురు మా ఇంటికొచ్చారు. నిన్ను పిలవలేదు. ఎందుకు పిలవలేదో తెలుసా? సివేరా మామ నిన్ను కొనేశాడంటున్నారు. ఆయన జాలర్ల సంఘం పెద్ద, సంచి పట్టుకున్నది ఆయన, నువ్వేమో సొంత మేనకోడలివి. మనకింకా రావాల్సినవి ఉన్నాయి కదా, సంఘం పెద్దల సభలో ఓటు, పండగ పడవల ఊరేగింపులో చోటు. వాటి కోసం నువ్వు మళ్ళీ కోర్టుకెక్కకుండా నోట్లో బెల్లం ముక్క పెట్టాడట. గొంతు పడ్డవాళ్ళకి గొంతు లేవదు అని నవ్వుతున్నారు.”

“మూడేళ్ళు మామయ్య నా మొహం చూడలేదు. కోర్టులో నా ఎదురుగా నిలబడి, ఆడవాళ్ళు దిగితే సరస్సు ఎండిపోతుందన్నాడు. ఆయన నాకు బెల్లం పెడతాడా?”

“నేనూ అదే అన్నాను. కానీ నీ నోటితో వినాలని ఉంది.” అమాలియా ఆమె కళ్ళలోకే చూస్తోంది. “అమ్ముడుపోయావా?”

“లేదు.”

“అంతే చాలు,” అంది అమాలియా. వెంటనే నీళ్ళలోకి దిగి కత్తి అందుకుంది. కానీ మళ్ళీ జోకు వేయలేదు.

రెమేయి అక్కడే నిలబడింది. తను చెప్పింది అబద్ధం కాదు. అయినా ఆదివారం నుంచి ఎవరికీ చెప్పని సంగతి ఒకటి అరచేతిలో మెదులుతోంది.

ఆ రోజు చర్చి ముందు వాకిట్లో ఎండ మండిపోతోంది. బల్ల మీద పెట్టిన తోలు సంచి, అందులో ఇత్తడి గోళీలు. వంశాల పెద్దరికం వరసన పిలవడం ఊరి ఆచారం. తండ్రి గస్పార్‌ది పాత వంశం, తండ్రి వరస కొడుక్కే వస్తుంది కనుక వోరో ఎప్పుడూ మొదటి వాళ్ళలో ఉండేవాడు. ఈసారి కోర్టు పంపిన గుమాస్తా ఒకడొచ్చి అడ్డం పడ్డాడు. వంశాలు చెల్లవు, ఇంటిపేరు, దాని తర్వాత సొంత పేరు, అక్షరాల వరసలో పిలవండి అన్నాడు. వాళ్ళ ఇంటిపేరు బ్రూ కనుక ఆ ఇంట్లో రెమేయి ముందు, సాల్వదోర్ తర్వాత. వోరో అసలు పేరు సాల్వదోర్ అని ఊళ్ళో సగం మందికి ఆ రోజే తెలిసింది.

సంచిలో చెయ్యి పెడితే గోళీలన్నీ ఎండకి కాలిన గులకరాళ్ళలా ఉన్నాయి. ఒక్కటి మాత్రం చల్లగా తగిలింది. అరచెయ్యి చెమటతో మండుతోంది. ఆ చల్లదనం హాయిగా అనిపించి వేళ్ళు దాని చుట్టూ మూసుకున్నాయి. అంతే.

అన్ని గోళీలూ ఒకే సంచిలో, ఒకే ఎండలో ఉన్నాయి. ఒక్కటే ఎందుకు చల్లగా ఉంది?

*

సివేరా మామయ్య ఇంట్లో కిటికీ రెక్కలు సగం మూసి ఉన్నాయి. ముసలాయన పడక కుర్చీలో కూర్చుని, నీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. చెల్లెలు కొన్సోల్ రోజూ పంపే కూరతో పూట గడుస్తుంది.

“మూడేళ్ళకి దారి తెలిసింది,” అన్నాడు.

“మీరు తలుపు వేసుకున్నారు మామయ్యా. అందుకే దొరకలేదు.”

“నాలిక మాత్రం మీ అమ్మది. కూర్చో.”

రెమేయి కూర్చోలేదు. “ఊళ్ళో అంటున్నారు. గొంతు మీరే నాకిచ్చారని.”

ఆయన పెద్దగా నవ్వాడు. కాళ్ళ చుట్టూ నీళ్ళు కదిలాయి. “నేనా? నీకా? నా చేతిలో ఉంటే నీకు సరస్సు చూసే కిటికీ కూడా ఇవ్వను. మా తాతల నాటి వరసని కోర్టులో కాళ్ళతో తొక్కించావు. నీకు మాత్రం ఇవ్వలేదు. ఇంట్లో మేరీమాత మీద ఒట్టు.”

ఒట్టు నిజంలాగే వినిపించింది. కానీ ‘నీకు మాత్రం’ అన్న చోట ఆయన గొంతు ఒక్కక్షణం తడబడిందని ఆమెకి అనిపించింది. బడిలో పిల్లల అబద్ధాలు వినీ వినీ చెవులకి అలవాటైపోయింది. పిల్లలు పూర్తి అబద్ధం చెప్పరు, నిజాన్ని సగంలో ఆపేస్తారు.

“నేను తీసిన గోళీ చల్లగా ఉంది మామయ్యా.”

విసనకర్ర ఆగిపోయింది.

ముసలాయన ఏ గోళీ అని అడగలేదు. చల్లగా ఉండటమేమిటి అనలేదు. ఎండదెబ్బ తగిలిందా అని ఎగతాళి కూడా చేయలేదు.

“ఎవరితోనైనా అన్నావా?” అన్నాడు.

రెమేయి అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది.

“లేదు.”

“అనకు.” ఆయన తొట్టిలోంచి కాళ్ళు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో వేలూ విడివిడిగా, పనికట్టుకుని. “సాయంత్రం అభ్యంతరాల సభ ఉంది. మూడుసార్లు అడుగుతాను. మూడుసార్లూ ఎవరూ లేవకపోతే ఏడాదిదాకా అడిగేవాడుండడు. గొంతు నీది. అదే కదా నీకు కావాల్సింది? నోరు మూసుకుని వల కర్రలు పాతుకో.”

“నాకు కాకపోతే ఎవరికిచ్చారు మామయ్యా?”

“ఇంటికెళ్ళు రెమేయీ. మీ అమ్మ నాకు కూర పంపే వేళయింది.”

*

ఇల్లంతా వెల్లుల్లి, ఎర్ర మిరపపొడి వాసన. మట్టి గిన్నెలో చేప ముక్కలు ఉడుకుతున్నాయి. కొన్సోల్ ఒక్కతే ఉంది.

“మామయ్య దగ్గరికి వెళ్ళావా?” అంది. వెనక్కి తిరగకుండానే.

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పక్కర్లేదు. ఏమన్నాడు?”

“నాకు ఇవ్వలేదన్నాడు.”

“నీకు కాదు అది,” అంది కొన్సోల్.

చాలా మామూలుగా అంది. పులుసులో ఉప్పు చూసి, ఇంకొంచెం వేసి, మూత పెట్టింది. తర్వాత మొదటిసారి కూతురి వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కానీ అది మిరపపొడి వల్లే కావచ్చు.

“ఆ గుమాస్తా వరస మార్చకపోతే నీ చెయ్యి దానికి తగిలేదే కాదు. వోరోకి తెలుసు, చల్లగా ఉన్నది తీయాలని. వాడు వెళ్ళేసరికి సంచిలో అన్నీ వేడివే. వాడి మొహం చూశావా ఆ రోజు? చూసుండవు. నువ్వు నీ గోళీ విప్పుతున్నావు.”

రెమేయి కుర్చీ వెనక కర్రని పట్టుకుంది. “ఎన్నాళ్ళుగా?”

“ప్రతి ఏడూ కాదు. అనుమానం రాకుండా, అప్పుడప్పుడు.”

“నాన్న ఉన్నప్పటి నుంచా?”

కొన్సోల్ పక్కకి చూసింది.

అదృష్టవంతుడు గస్పార్. ఊళ్ళో తండ్రి పేరుకి ముందు ఆ మాట లేకుండా ఎవరూ పలికేవారు కాదు. పెళ్ళిళ్ళలో కొత్త జంట చేతులు ఆయన చేతిలో పెట్టేవారు, కాస్త అదృష్టం అంటుకుంటుందని. చచ్చిపోయిన రోజు శవపేటికని ముట్టుకోవడానికి జనం వరస కట్టారు. రెమేయి ఆ వరస పక్కన నిలబడి, ఇంత మందికి ప్రీతిపాత్రుడైన మనిషి కూతుర్ని అని ఏడ్చింది.

“నీకు రెండేళ్ళు. వోరోకి నాలుగు,” అంది కొన్సోల్. “మీ నాన్న ఊపిరితిత్తులు పాడై చలికాలమంతా మంచంలో ఉన్నాడు. ఆ ఏడు మళ్ళీ చెడ్డ చోటు వస్తే ఊరొదిలి పోవాలి. మా అన్నయ్య కాళ్ళ మీద పడ్డాను. ఒక్కసారికే అన్నాడు. గొంతు గోళీని రాత్రంతా బావిలో చేదలో ఉంచి, తెల్లారి గుడ్డలో చుట్టి తెచ్చాడు. ఒక్కసారికే అనుకున్నాం అందరం.”

“తర్వాత?”

“తర్వాత నువ్వు బడికి వెళ్ళాలి. ఇల్లు పై అంతస్తు వెయ్యాలి. వోరోకి పడవ.” తల్లి గొంతు గట్టిపడింది. “అలా చూడకు నన్ను. ఆ సన్యాసినుల బడి ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు? చదువే లేకపోతే కోర్టు మెట్లెక్కే నోరు నీకెక్కడిది? ఆ నీళ్ళే తాగి పెరిగావు. ఇప్పుడు ఉమ్మేస్తావా?”

“అమాలియా వాళ్ళ నాన్నకి ఎప్పుడూ బురదమూలే వచ్చేది.”

“అది వాడి రాత.”

“రాత అయితే నాకు బాధ లేదు. విసిగిపోయి రేవులో బరువులు మోయడానికి వెళ్ళాడు. అక్కడే పోయాడు. అమాలియా చిన్నప్పటి నుంచి నారింజల గోదాములో పెట్టెలు సర్దింది. నా పక్క బల్ల మీద కూర్చుని నాకన్నా ముందు లెక్కలు చెప్పేది అమ్మా. నాతో పాటు ఆ బడికి రావాల్సిన పిల్ల.”

“వాడికి బురదమూల మేమివ్వలేదు. మంచిది మేం తీసుకున్నామంతే. మిగిలినవి ఎవరికి పడితే వాళ్ళకి పడ్డాయి.”

అది నిజమే కావచ్చు. రెమేయి అనుకోకుండా ఒక ప్రశ్న అడిగేసింది. నోట్లోంచి వచ్చాక, ఎందుకు అడిగానా అనుకుంది.

“ఒక గోళీని చల్లబెట్టిన వాళ్ళు, బురదమూల గోళీ ఒకరి చేతికే వెళ్ళేలా ఏమీ చేయలేదా? అమాలియా వాళ్ళ నాన్నకీ మామయ్యకీ పడేది కాదు కదా?”

కొన్సోల్ మూత తీసి, పులుసు కలిపి, మళ్ళీ మూత పెట్టింది. ఇందాకే ఉప్పు చూసింది. మళ్ళీ చూసింది.

“అమ్మా.”

“గిన్నె చల్లారకముందే మామయ్యకి పంపాలి,” అంది కొన్సోల్.

*

సంఘం గదిలో పంకాలు తిరుగుతున్నా గాలి లేదు. మగవాళ్ళు ముందు కుర్చీల్లో, కోర్టు గెలిచిన తొమ్మిది మందీ వెనక బెంచీ మీద. ఇళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు గోడ వారన నిలబడ్డారు. ఎప్పుడూ సభకి రాని కొన్సోల్ ఈ రోజు నల్ల బట్టల్లో వచ్చి తలుపు పక్కన నిలబడింది.

బెంచీ మీద రెమేయి పక్కన చోటు ఖాళీగా ఉంచి మిగతావాళ్ళు కూర్చున్నారు. అమాలియా వచ్చి ఆ ఖాళీలో ధబాలున కూర్చుంది, అందరికీ వినబడేలా.

“జరగండమ్మా, బురదమూల వస్తోంది,” అంది. తర్వాత రెమేయి చెవిలో, “మొహమేంటి అలా ఉంది? నువ్వు లేదన్నావు. నేను నమ్మాను. అయిపోయింది,” అంది.

ఆ మాట రెమేయికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

చెప్పేయాలని దారి పొడుగునా అనుకుంది. ఏం చెబుతుంది? నాన్న దొంగ అనా? అమ్మని ఊరి ముందు నిలబెట్టాలా? వీళ్ళు రేపటి నుంచి ఎంపార్ పిల్లల్ని బడిలో ఏమని పిలుస్తారు? ఇంకో ఆలోచన కూడా ఉంది. దాని మొహం చూడటానికి ఆమెకే సిగ్గుగా ఉంది. గొంతు. పొగమంచులో గెడ వేసుకుంటూ ఆ ఇరుకులోకి వెళ్ళడం. ముప్ఫై ఏళ్ళుగా కలలో చూసింది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు.

సివేరా మామయ్య నల్ల కోటులో లేచి నిలబడ్డాడు. కాళ్ళు తొట్టిలో పెట్టుకున్న ముసలాయన కాదు, సంఘం పెద్ద.

“ఆదివారం తీసిన చోట్ల మీద ఎవరికైనా అభ్యంతరముందా?”

ఎవరూ లేవలేదు. రెమేయి మోకాళ్ళు లేద్దామన్నాయి. ముందు నిలబడ్డ మామయ్య కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. తలుపు దగ్గర తల్లి కళ్ళు కూడా.

“రెండోసారి అడుగుతున్నాను. అభ్యంతరముందా?”

అమాలియా విసుక్కుంటూ ఆవులించింది. ఎవరో దగ్గారు. రెమేయి బెంచీ అంచుని పట్టుకుంది. లేవలేదు.

“మూడోసారి...”

“నాకుంది,” అన్నాడు వోరో.

అందరూ తిరిగి చూశారు. అతను తాగలేదు. తాగితే బావుండేదేమో, మొహం అంత పాలిపోయి ఉంది.

“కూర్చో వోరో,” అన్నాడు సివేరా.

“కూర్చోను మామయ్యా.”

“ఇక్కడ నేను మామయ్యని కాదు.”

“అయితే పెద్దగారూ, వినండి. నా చెల్లెలి తప్పు లేదు. తప్పు ఆ కోర్టు గుమాస్తాది. మన ఆచారం ఏమిటి? పాత వంశం ముందు. నా వరస ముందు. వాడెవడో వచ్చి అక్షరాలన్నాడు, పేర్లన్నాడు, మీరు ఊరుకున్నారు. వరస ప్రకారం నేను ముందు వెళ్ళుంటే గొంతు నాకే వచ్చేది. కాబట్టి మళ్ళీ తీయించండి. పాత వరసలో.”

కొందరు మగవాళ్ళు తలలూపారు. “నిజమే, ఆచారం తప్పింది,” అన్నారెవరో. సివేరా ఊపిరి వదిలాడు. ఇంకొక్క క్షణం గడిస్తే ఆ మాట ఆచారం గొడవలో కలిసిపోయేది.

“ఆగు,” అంది అమాలియా.

లేవలేదు. కూర్చునే అంది. గొంతులో వేళాకోళం లేదు.

“వోరో, మళ్ళీ చెప్పు. నువ్వు ముందు వెళ్తే ఏమయ్యేది?”

“గొంతు నాకొచ్చేది.”

“సంచిలో వంద గోళీలున్నాయి. ముందు వెళ్తే ఏదో ఒకటి వచ్చేది. బురదమూల రావచ్చు, రెల్లుదిబ్బ రావచ్చు. గొంతే వచ్చేదని నీకెలా తెలుసు?”

వోరో నోరు తెరిచాడు. “అంటే... వచ్చుండేదేమో అని...”

“ఏమో అనలేదు నువ్వు. ‘నాకే’ అన్నావు.”

వోరో మామయ్య వైపు చూశాడు. సంచి పట్టినవాడి వైపు అతను చూడటం గదిలో ప్రతి ఒక్కరూ చూశారు. ముందు వరసలో ఒక ముసలి జాలరి గస్పార్ పేరు మెల్లగా పలికాడు. దాని ముందు ఎప్పుడూ ఉండే మాట లేకుండా. పక్కవాడు అటు తిరిగాడు. ఆ పేరు నోటి నుంచి నోటికి, కుర్చీ నుంచి కుర్చీకి వెనక్కి వచ్చింది.

అమాలియా ఇంకా వోరోనే చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. తండ్రి బతికున్న ఏళ్ళన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటోందని రెమేయికి అర్థమైంది. తర్వాత ఆమె మెల్లగా ఇటు తిరిగింది. మొహాలు జానెడు దూరంలో ఉన్నాయి.

“పొద్దున నేను అడిగాను,” అంది. “నీకు తెలుసా?”

తలుపు దగ్గర కొన్సోల్ ఒక అడుగు ముందుకు వేసింది. రెమేయి చూపు తల్లి వైపు వెళ్ళింది. ఆ చూపే జవాబైందని అమాలియా కళ్ళు చూసి తెలుసుకుంది.

“ఎప్పటి నుంచి?” అంది అమాలియా.

మధ్యాహ్నం నుంచి అన్నది నిజం. పొద్దున లేదన్నదీ నిజమే. కానీ మామయ్య రెండుసార్లు అడిగినప్పుడు రెండుసార్లూ తను బెంచీ అంచు పట్టుకుని కూర్చోవడం ఈ గదిలో అందరూ చూశారు. ఆ చిన్న నిజాన్ని నమ్మగల మొహం కోసం రెమేయి ఒక్కో కుర్చీనీ వెతుక్కుంటూ లేచి నిలబడింది.